ముందు వచ్చిన బస్సు

తెల్లవారగానే పిరిహీర పంది మాంసం గిన్నెలను ఆవిరి పెట్టెలోకి దించి, చెక్క మూత వేసి, దాని మీద తడి గోనెసంచి పరిచింది. పదింటికి అతిథులు వస్తారు. మధ్యాహ్నానికి భోజనాలు. ఈ లోపల పిలుపు, ప్రసంగాలు, పాటలు, ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకోవడం. నేలలోంచి వచ్చే ఆవిరి తన పని తాను చేసుకుపోతుంది కాబట్టి వంట గురించి ఆమెకు దిగులు లేదు. దిగులంతా పిలుపు గురించే.

రోటొరువా సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ళ మరాయెలో, అంటే పూర్వీకుడి పేరున కట్టిన పెద్ద ఇంట్లో, వసారాలో ఒక ఆడమనిషి నిలబడి గొంతెత్తి పిలిస్తే తప్ప వచ్చినవాళ్ళు గేటు దాటి పచ్చిక మీద కాలు పెట్టరు. పిరిహీరకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిలుపు వికిటోరియా పెద్దమ్మదే. పోయిన వారం పెద్దమ్మకు జలుబు చేసింది. నిన్నటికి గొంతు పూర్తిగా పోయింది. హోటల్లో దుప్పట్లు ఉతికే పిరిహీర ఇన్నేళ్ళుగా వాషింగ్ మెషీన్ల మోతలో, ఎవరికీ వినబడకుండా, ఆ పిలుపును సాధన చేస్తూనే ఉంది. ఈ రోజు అందరికీ వినబడేలా పిలవాలి.

పైగా వస్తున్నది తూర్పు తీరం వాళ్ళు. వాళ్ళు వీళ్ళకు చుట్టాలు. చుట్టాలు కాబట్టే కోపం ముప్పై ఏళ్ళు నిలిచింది.

ముప్పై ఏళ్ళ కిందట తీరం వాళ్ళు ఒక బస్సు నిండా వచ్చారు, అనుకున్న సమయం కంటే ముందే. అప్పుడు పెద్దమ్మ స్నానానికి వెళ్ళి ఉంది. ఇళ్ళ వెనక ఉన్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంది. వాన మొదలైంది. జనం ఆమె కోసం ఇల్లిల్లూ వెతికారు. తొట్టి దగ్గర మాత్రం వెతకలేదు. అతిథులు వచ్చే రోజున పిలిచే మనిషి నీళ్ళలో కూర్చుని ఉంటుందని ఎవరికీ తోచలేదు. తీరం వాళ్ళు గేటు బయట గంటసేపు తడిసి, తిరిగి బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ బస్సులో పెద్దమ్మకు బడి రోజుల నుంచి ప్రాణస్నేహితురాలైన మిరియామా ఉంది. ఆ తర్వాత ఇద్దరూ ఎన్నో చావుల్లో ఎదురుపడ్డారు. ముక్కులు ఆనించుకునేవాళ్ళు కానీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఇప్పుడు భోజనశాలకు కొత్త పైకప్పు వేశారు. దాని ప్రారంభానికి వస్తామని మిరియామాయే కబురు పంపింది.

"ఈసారి వాళ్ళు గేటు దగ్గర నిలబడే పనే ఉండకూడదు. బస్సు దిగడం, నేను పిలవడం, రెండూ ఒకేసారి జరగాలి," అంది పిరిహీర, టీ పోస్తూ.

పెద్దమ్మ నోరు తెరిచింది. శబ్దం రాలేదు. కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టి, తన కళ్ళ వైపు చూపించింది.

"నిద్ర సరిపోలేదంటోంది," అన్నాడు కీపా మామ. ఆయన పెద్దమ్మకు తమ్ముడు, ఇంటి తరఫున ప్రసంగించే మనిషి. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి, మళ్ళీ కర్రతో కొట్టి, మళ్ళీ కళ్ళు చూపించింది.

"కళ్ళద్దాలు కావాలా అక్కా?"

పెద్దమ్మ తమ్ముడి వైపు కాసేపు చూసి టీ తాగింది.

"నా ప్రసంగం తయారు. క్షమాపణ చెప్పే భాగం వచ్చినప్పుడు నాకే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు కీపా మామ. "ఎటొచ్చీ మనవైపు జనం లేరు కోడలా. అందరూ ఉత్తరాన చావుకి పోయారు. వాళ్ళు బస్సెడు మంది దిగితే, ఇటు బెంచీ మీద ఏడెనిమిది మందిమి, పళ్ళూడిన దువ్వెనలా ఉంటాం. పాటెవరు పాడతారు?"

పాట సంగతి ఇంకా తేలలేదు. బస్సు సంగతికి మాత్రం పిరిహీర ఏర్పాటు చేసింది. రోడ్డు మలుపులో చేపలు వేయించి అమ్మే పతారా, పెద్దమ్మ కొడుకు, బస్సు కనబడగానే ఫోను చేస్తాడు.

"ఏ బస్సో నాకెలా తెలుస్తుంది అక్కా?" అని అతను ముందురోజే అడిగాడు.

"నల్ల బట్టలు వేసుకుని ఉంటారు. ఎక్కువ మంది పెద్దవాళ్ళు. ఇంకేం కావాలి నీకు?"

పది ఇంకా కాకుండానే ఫోను మోగింది.

"బస్సు మలుపు తిరిగింది. నిండా ముసలాళ్ళే. నల్లకోట్లు."

"ముందే వచ్చేశారు," అంది పిరిహీర. మళ్ళీ ముందే వచ్చారు. ఆప్రాన్ విప్పి, తల మీద ఆకుల దండ పెట్టుకుని వసారాలోకి పరుగెత్తింది. పెద్దమ్మ వెనకాలే వచ్చి కుర్చీలో కూలబడి కర్రతో గట్టిగా కొట్టింది. తొందరపడమంటోందని పిరిహీరకు అర్థమైంది.

ఆ పొద్దు గాలి లేదు. పక్కనున్న వేడినీళ్ళ కాలువ మీది ఆవిరి పచ్చిక మీదికి వచ్చి గేటు దగ్గర తెరలా నిలిచింది. తెర వెనక నల్లని ఆకారాలు గుంపుగా చేరుతున్నాయి. ముందున్న మనిషి చెయ్యి పైకెత్తాడు. సిద్ధంగా ఉన్నామని చెబుతున్నాడన్నమాట. పిరిహీర ఊపిరి తీసుకుని పిలిచింది.

గొంతు ఆమెదే అయినా, అంత దూరం పోతుందని ఆమెకు తెలియదు. అది పచ్చిక దాటి, గేటు దాటి, సరస్సు మీదకు పోయి, నీటి కోళ్ళను లేపింది. వచ్చినవాళ్ళ వైపు నుంచి జవాబుగా ఒక ఆడగొంతు పలకాలి. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఆవిరిలోంచి పొడుగ్గా, సన్నగా ఒక కేక వచ్చింది. పొలంలో ఇటు గట్టు మీదివాళ్ళు అటు గట్టు మీదివాళ్ళను పిలిచేటట్టుగా ఉంది. మాటలు లేవు.

"చాలా పాత పద్ధతి," అన్నాడు కీపా మామ, మెచ్చుకుంటూ.

అతిథులు కదిలారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. అడుగులో అడుగు వేసుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, భూమికి నొప్పి కలుగుతుందేమో అన్నంత నెమ్మదిగా వస్తున్నారు.

"ఆ నడక చూడు. ఇప్పటి పిల్లలకి ఈ నడక రాదు. దుకాణానికి పోతున్నట్టు వస్తారు," అన్నాడు కీపా మామ.

పచ్చిక మధ్యకు వచ్చి వాళ్ళు ఆగారు. పోయినవాళ్ళను తలుచుకోవడానికి అక్కడ ఆగాలి. ఆగడమే కాదు, అందరూ తలలు వంచి నేలను చూస్తూ ఉండిపోయారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. కీపా మామ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ముందున్న ఆయన చేతికర్రతో నేలలో పొగలు కక్కుతున్న చిన్న పగులును పొడిచి, పక్కావిడకు చూపించాడు.

అప్పుడు ఆవిరి పక్కకు తప్పుకుంది.

తీరం వాళ్ళలో తెల్లగా ఉండేవాళ్ళు కొందరున్నారు. కానీ ఇలా అందరికి అందరూ తెల్లవాళ్ళే ఉండరు. నల్లకోట్ల జేబుల మీద బంగారు దారంతో ఒక బంతి బొమ్మ కుట్టి ఉంది. పచ్చిక మీద బరువైన బంతులు దొర్లించే ఆట, దేశానికి దక్షిణ కొసన ఉన్న ఏదో ఊరి సంఘం. పిరిహీర పెద్దమ్మ వైపు తిరిగింది. పెద్దమ్మ కర్రతో నేల మీద కొట్టి, కళ్ళు చూపించింది. ఆ సైగకు అర్థం ఇప్పుడు తెలిసింది. ముందు ఎవరో చూసి పిలవమని.

"మామా, వీళ్ళు వాళ్ళు కాదు."

"నువ్వు పిలిచావా లేదా?"

"పిలిచాను."

"వాళ్ళు వచ్చారా లేదా?"

"వచ్చారు."

"అయితే వీళ్ళే అతిథులు. పిలిచాక వెనక్కి పొమ్మనడం ఏ తరంలోనైనా జరిగిందా?" అని ఆయన చేతికర్ర తీసుకుని లేచాడు. లేచాక ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయనకు కంఠతా వచ్చినది ఆ ఒక్క ప్రసంగమే.

అతిథుల బెంచీ మీద ముందు వరుసలో కూర్చున్న మార్జరీ అనే ఆవిడ కాలి మీద కాలు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంది. బస్సు ఈ వీధిలోకి తిరిగింది ఆవిడ కోసమే. టాయిలెట్ ఎక్కడుందో అడుగుదామని అందరూ దిగారు. అడిగేలోపల వసారాలోంచి ఒకావిడ ఒళ్ళు జలదరించేలా పిలిచింది. ఇటు రండి, ఇక్కడే ఉంది అంటోందని మార్జరీ అనుకుంది. పశువులు కాసిన ఇంట్లో పుట్టింది కాబట్టి, వస్తున్నామని తనకు తెలిసిన పద్ధతిలో జవాబు చెప్పింది.

కీపా మామ ఆకాశం నుంచి మొదలుపెట్టాడు. కొండల దగ్గరకు వచ్చాడు. పూర్వీకుల పడవ దగ్గరకు వచ్చాడు. చివరికి ముప్పై ఏళ్ళ కిందటి వాన దగ్గరకు వచ్చాడు. మిమ్మల్ని మా గుమ్మం ముందు తడవనిచ్చాం, ఆ నీళ్ళు మీ బట్టల్లో ఆరిపోయాయి కానీ మా కళ్ళలో ఆరలేదు అన్నాడు. చెంపల మీద కన్నీళ్ళు కారాయి. వెనక బెంచీ మీద ఇద్దరు ఏడ్చారు. అతిథులకు ఒక్క మాట అర్థం కాలేదు. కానీ కన్నీళ్ళు అర్థమయ్యాయి.

జవాబు చెప్పడానికి వాళ్ళ సంఘం పెద్ద అలిస్టర్ లేచాడు. రిటైరైన పశువుల డాక్టరు. టోపీ తీసి చేత్తో నలిపాడు.

"మీరు దేని గురించి ఇంత బాధపడుతున్నారో నాకు తెలియదండీ. ఏదైనా కానివ్వండి, మావైపు నుంచి మనసులో ఏమీ లేదు. మా వాళ్ళందరి తరఫునా చెబుతున్నాను. మరిచిపోండి."

కీపా మామ మొహం వెలిగిపోయింది. "క్షమించేశారు," అన్నాడు పిరిహీరతో.

"వాళ్ళు కాదు మామా క్షమించాల్సింది."

"క్షమాపణ క్షమాపణే. నా దగ్గర ఉన్నది అదొక్కటే. అయిపోయింది."

ప్రసంగం తర్వాత పాట ఉండాలని ఎవరో సైగ చేశారు. బంతులవాళ్ళు తమ సంఘం పాట అందుకున్నారు. గడ్డి ఎంత నున్నగా కోయాలన్నదే అందులో విషయం. ఏటా క్రిస్మస్ విందులో పాడే అలవాటు వల్ల బాగానే పాడారు. సరిగ్గా రెండో చరణంలో ఫోను మోగింది.

"అక్కా, ఇంకో బస్సు మలుపు తిరిగింది. ఇందులోనూ నల్లబట్టలే. నాకేదో అనుమానంగా ఉంది."

"నీకిప్పుడా అనుమానం?" అంది పిరిహీర.

చినుకులు మొదలయ్యాయి.

గేటు అవతల బస్సు ఆగింది. తలల మీద ఆకుల దండలు, భుజాల మీద ఈకల శాలువాలు, ముందు నిటారుగా నిలబడ్డ ముసలామె. మిరియామాను గుర్తుపట్టడానికి ఆవిరి తొలగనక్కర్లేదు. ముప్పై ఏళ్ళలో ఆమె వీపు వంగలేదు, కోపం కూడా వంగలేదు. ఆమె గేటు దగ్గర నిలబడి, లోపల ఎవరో బంతుల ఆట వాళ్ళు పాడుతున్న పాటను వానలో వింటోంది.

ఇటు మొదలైనది పూర్తి కాకుండా అటు పిలవడానికి వీల్లేదు. ముక్కులు ఆనించే వరుస సాగుతోంది. మార్జరీ వంతు వచ్చింది. ఆవిడ పిరిహీర ముక్కుకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒకే ఊపిరిలో అడిగింది.

"టాయిలెట్ ఎక్కడమ్మా?"

"భోజనశాల వెనక, ఎడమ పక్క."

మార్జరీ పరుగెత్తింది. ఆ వెనకే సగం సంఘం పరుగెత్తింది. పాతకాలం నడక ఎటు పోయిందో తెలియలేదు.

మిగిలిన వాళ్ళను ఏం చేయాలి? బస్సెక్కి పొమ్మంటే గేటు దగ్గర తీరం వాళ్ళకు ఎదురుపడతారు. అతిథుల బెంచీ మీదే ఉంచితే వచ్చేవాళ్ళకు చోటుండదు. పిరిహీర రెండు చేతులతో ఆకుల దండ పట్టుకుని నిలబడిపోయింది. ఇదే తన మొదటి పిలుపు, ఇదే చివరిది కూడా అనుకుంది.

అప్పుడు పెద్దమ్మ లేచింది. భోజనశాలలోంచి బిస్కెట్ల డబ్బా తెప్పించింది. అలిస్టర్ ముందు నిలబడి, ఆయన నోరు తెరిచి ఏదో అడగబోతుంటే అందులో బిస్కెట్ పెట్టింది. కర్రతో ఇంటివాళ్ళ బెంచీని చూపించింది. పక్కావిడ నోట్లో ఇంకో బిస్కెట్. మళ్ళీ కర్ర.

"సరే, సరే," అన్నాడు కీపా మామ, నుదురు కొట్టుకుని. "ముక్కులు ఆనించాం. మన తిండి తిన్నారు. ఇక వాళ్ళు పరాయివాళ్ళు ఎలా అవుతారు? మనవాళ్ళే. ఇటు కూర్చోండి నాయనా, ఇటు. పొడుగ్గా ఉన్నవాళ్ళు వెనక్కి."

టాయిలెట్ నుంచి వచ్చినవాళ్ళను వచ్చినట్టే పట్టుకుని నోట్లో బిస్కెట్ పెట్టి కూర్చోబెట్టారు. మార్జరీ మొహం ప్రశాంతంగా ఉంది. ఇప్పుడు ఎన్ని ప్రసంగాలైనా వింటానని ఆవిడ మొగుడితో చెప్పింది.

పిరిహీర ఈసారి ముందు చూసింది. మిరియామా మొహం చూసింది. వానలో తడుస్తున్న ఒక్కొక్క మనిషినీ చూసింది. అప్పుడు పిలిచింది. మిరియామా గొంతు జవాబు చెప్పింది. గులకరాళ్ళ మీద అల వెనక్కి పోతున్నప్పటి చప్పుడు లాంటి గొంతు. తీరం వాళ్ళు లోపలికి వచ్చారు.

కీపా మామ ప్రసంగం చాలా చిన్నది. ఆకాశం, కొండలు, పడవ, రండి, కూర్చోండి. వాన మాట ఎత్తలేదు. తీరం వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన కూర్చోబోతుండగా ఇంటివాళ్ళ బెంచీ మీది జనమంతా ఒక్కసారిగా లేచి, తమకు వచ్చిన ఒక్క పాటా రెండోసారి పాడారు. ఈసారి పెద్ద ఇంటి చూరు అదిరింది.

భోజనాల దగ్గర మాంసం చాలదని తేలింది. అలిస్టర్ బస్సులోంచి రెండు పెట్టెలు మోయించాడు. ఆ దక్షిణ కొస ఊళ్ళ వాళ్ళు చీజ్ పూసి చుట్టుకునే రొట్టె చుట్టలు. కాల్చుకుని తినాల్సినవి. ఎవరూ చెప్పకముందే ఆయన వాటిని ఆవిరి పెట్టెలో పెట్టించాడు. బయటికి తీసేసరికి చుట్టలన్నీ కలిసి మెత్తని ముద్దయ్యాయి. గరిటెతో వడ్డించారు.

మిరియామా పెద్దమ్మకు ఎదురుగా కూర్చుంది. పిరిహీర చేతిలో గరిటెతో నిలబడి, తిట్లకు సిద్ధమైంది.

"మీ జనం బాగా పెరిగారు," అంది మిరియామా, పొడిగా. "రంగు కాస్త తగ్గింది."

"కొత్త చుట్టాలు పెద్దమ్మా," అంది పిరిహీర. "మిమ్మల్ని మళ్ళీ వానలో నిలబెట్టాం. తప్పు నాది. తొందరపడి..."

"నువ్వు ఆగు." మిరియామా ముద్దను నోట్లో పెట్టుకుని నమిలి, ఇంకొంచెం వడ్డించమని పళ్ళెం జరిపింది. "మేము మీ ఊళ్ళోకి పొద్దున్నే వచ్చాం. ఈసారి గంటసేపు వీళ్ళు ఎదురుచూడాలి, గేటు వైపు చూసి చూసి వీళ్ళ కళ్ళు కాయలు కాయాలి అని నేనే అన్నాను. అందరినీ తీసుకెళ్ళి సరస్సు అవతలి ఒడ్డున వేడినీళ్ళలో కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్న పని. తీరా వచ్చి చూస్తే మీరు ఎదురుచూడనే లేదు. ఎవరితోనో పాటలు పాడించుకుంటున్నారు."

ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది. కీపా మామ పళ్ళెంలోకి చూశాడు.

పెద్దమ్మ ముందుకు వంగింది. నోరు తెరిచింది. నిన్నటి తర్వాత మొదటిసారి, తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు, గొంతు వచ్చింది.

"నీళ్ళు బాగున్నాయా?"

మిరియామా ఆమె వైపు చూసింది. "బాగున్నాయి. గంటసేపే అనుకున్నాం. లేవబుద్ధి కాలేదు."

"ఆ రోజు నాకూ అంతే."

మిరియామా చెంచా కింద పెట్టింది. మొదట ఆమె భుజాలు కదిలాయి. ఆ తర్వాత బల్ల కదిలింది. ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని, ఊపిరాడక, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. బంతులవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకు ఎందుకో తెలియదు. ఆ రోజు వాళ్ళు ఏదీ తెలుసుకుని చేయలేదు.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే పెద్దమ్మ పిరిహీర పక్కన వచ్చి నిలబడింది.

"ఇకనుంచి పిలుపు నీదే."

"రెండోది బాగా వచ్చిందా పెద్దమ్మా?"

"రెండోది ఎవరైనా పిలుస్తారు. మొదటిదే గొప్పది. దారిన పోయేవాళ్ళని కూడా లోపలికి తెచ్చింది," అని ఆమె తువ్వాలు భుజాన వేసుకుని తొట్టి వైపు నడిచింది. అప్పటికే మిరియామా అందులో ఉంది.

ఇప్పుడు ఆ మలుపులో, పతారా దుకాణం ముందు, రెండు బోర్డులున్నాయి. ఒకటి మరాయెకి దారి చూపిస్తుంది, రెండోది టాయిలెట్‌కి. రెండోదే పెద్దది.